పన్నెండో గది స్వెటర్

"స్టవ్ ఆపాను" అన్నాను స్టవ్ వైపు వేలు చూపించి. కుళాయి వైపు తిరిగి దాన్నీ చూపించి "కట్టేశాను" అన్నాను. అన్న తర్వాత గుర్తొచ్చింది, నా వెనక భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉందని, అందులోంచి అత్తయ్య, వదిన, వదిన భర్త ముగ్గురూ సోఫాలో వరసగా కూర్చుని నన్నే చూస్తున్నారని.

"ఎవరితో మాట్లాడుతోందిరా?" అన్నారు అత్తయ్య.

"స్టవ్‌తోనమ్మా" అన్నారు మా ఆయన. "మాతో మాట్లాడ్డం కంటే దానితో మాట్లాడ్డమే తనకి హాయి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నప్పుడు నేను కూడా కలిసి నవ్వేస్తే ఏ గొడవా ఉండదని పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టాను. పదిహేనేళ్ళుగా అదే చేస్తున్నాను. చెవులు మాత్రం ఇప్పటికీ వేడెక్కుతాయి. వాటికి ఇంకా అలవాటు కాలేదు.

ఈ వేలు చూపించడం పనిలో అంటుకున్న జబ్బు. తొమ్మిదేళ్ళ కిందట ఆయన ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చాం. నేనిక్కడ ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తున్నాను, లాండ్రీలో. అరవై గదులు. ఉతికి ఆరిన బట్టలు మడతపెట్టి, గోడ పొడుగునా గదికొకటి చొప్పున ఉన్న గూళ్ళలో సర్దాలి. ప్రతి బట్టకీ లోపలివైపు మెడ దగ్గర మనిషి పేరూ గది నంబరూ కుట్టిన పట్టీ ఉంటుంది. గూట్లో పెట్టేముందు ఆ పట్టీని వేలుతో చూపించి పైకి చదవాలి. తర్వాత గూటి మీది నంబరు చూపించి పైకి చదవాలి. రెండూ ఒకటేనని చెవులారా విన్నాకే లోపల పెట్టాలి. మా సూపర్‌వైజర్ ఎప్పుడూ చెవి మీద పెన్సిల్‌తో తిరుగుతుంది కాబట్టి నేను మనసులో ఆవిడకి పెన్సిలమ్మ అని పేరు పెట్టుకున్నాను. చేరిన మొదటిరోజు నా వేలు పట్టుకుని మరీ నేర్పించింది. "కళ్ళు అలవాటు కొద్దీ చదివేస్తాయి. చెయ్యి దాని దారిన అది పోతుంది. నోటితో అంటేనే నీ మాట నీ చెవిన పడుతుంది. తప్పయితే అక్కడ దొరికిపోతుంది" అంది. మొదటి నెలంతా నాకు నోరు పెగల్లేదు. ఖాళీ గదిలో బనీన్లకి పేర్లు చదివి వినిపించడం ఏమిటని చచ్చేంత సిగ్గు. తర్వాత అదే ఎంత పట్టుకుందంటే ఇంట్లో స్టవ్వూ, కుళాయీ, వీధి తలుపూ, పాప స్కూలు సంచీ, అన్నిటికీ వేలు చూపించి పేరు పెట్టి పలకరిస్తున్నాను.

అత్తయ్యవాళ్ళకి ఇదేమీ తెలీదు. వాళ్ళ ఉద్దేశంలో నేను ఒక ఆస్పత్రి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. అలా చెప్పింది మా ఆయనే. "లాండ్రీ అంటే అమ్మ బాధపడుతుందోయ్. ఊళ్ళో నలుగురికీ ఏమని చెప్పుకుంటుంది?" అన్నారు. అబద్ధం ఆయనది, మోసేది నేను. ప్రతి ఆదివారం "ఆఫీసులో పని ఎక్కువగా ఉందా అమ్మా?" అని అత్తయ్య అడిగితే "ఫైళ్ళు ఎక్కువగానే ఉన్నాయత్తయ్యా" అంటాను, సబ్బునీళ్ళకి పగిలిన వేళ్ళు బల్ల కిందికి లాక్కుని.

మేం వెనక్కి వెళ్ళిపోతున్నాం. వచ్చే వేసవికి ఆయన ఇక్కడి కాంట్రాక్టు అయిపోతుంది. తర్వాత మీ దేశంలో ఎక్కడ ఉండైనా పనిచేసుకోవచ్చని కంపెనీవాళ్ళు రాశారు. ఆ ఉత్తరం ఆయన పైకి చదువుతుంటే "ఎక్కడ ఉండైనా" అన్న ముక్క దగ్గర నేను కూరలో రెండోసారి ఉప్పేశాను. నాలుగు రోజులు కాళ్ళు నేల మీద ఆనలేదు. వారం తిరిగేసరికి ఆయన ల్యాప్‌టాప్‌లో ఒక పట్టిక తయారుచేశారు. "ఎక్కడ ఉండైనా" అన్నది కాస్తా అందులో రెండు నిలువు వరసలయింది. 'ఎ' అంటే అత్తయ్య ఉండే ఊరు, అత్తయ్య ఇంటి పై వాటా. 'బి' అంటే కంపెనీ ఆఫీసు ఉన్న నగరం. అడ్డ వరసల్లో పాపకి స్కూల్లో సీటు, ఆస్పత్రి, నీళ్ళు, అమ్మకి దూరం, ఆఫీసుకి దూరం. ఒక్కోదానికీ పదికి ఇన్ని మార్కులని. ఫోన్లు చేసి అన్నీ కనుక్కోవడం, ఆ గళ్ళు నింపడం నా వంతు. పదకొండు స్కూళ్ళతో మాట్లాడాను. నీళ్ళు ఏ వేళకి వదులుతారో, వేసవిలో ఎన్ని రోజులు ఆపేస్తారో రెండు ఊళ్ళలోనూ కనుక్కున్నాను. పనికి వెళ్ళే బస్సులో నిలబడి, భోజనం వేళలో మెట్ల మీద కూర్చుని చేశాను ఆ ఫోన్లన్నీ. ఆదివారం ఆయన దాన్ని తెర మీద పెట్టి "నేను కనుక్కున్నదాన్ని బట్టి చూస్తే" అని మొదలుపెట్టేవారు. అత్తయ్య మోకాళ్ళ నొప్పులకి కూడా ఒక వరస ఉంది ఆ పట్టికలో. నాకేం కావాలన్నదానికి లేదు.

నాకూ ఒక ఊరుంది. పుట్టిన ఊరు కాదు. పెళ్ళికి ముందు పద్నాలుగు నెలలు ఒక చిన్న ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసిన ఊరు. హాస్టల్లో కిటికీ పక్క మంచం నాది. పొద్దున్న ఏడింటికి ల్యాబ్ తాళం తీసేది నేనే. సాయంత్రం ఏ దారిన తిరిగొచ్చినా ఎందుకిటు వచ్చావని అడిగేవాళ్ళు లేరు. పెళ్ళి కుదిరాక అత్తయ్య "ఊళ్ళోవాళ్ళ రక్తాలూ మూత్రాలూ ముట్టుకునే ఉద్యోగం మనకెందుకమ్మా" అన్నారు. మానేశాను. ఇప్పుడు పెద్దవాళ్ళు తడిపేసిన పక్కదుప్పట్లు రోజుకి యాభై ఉతుకుతున్నాను, అది వేరే సంగతి.

ఒకరోజు ధైర్యం చేసి "సి అని ఇంకో వరస పెడదామా?" అని ఆ ఊరి పేరు చెప్పాను.

"అక్కడ మనకెవరున్నారోయ్?" అన్నారు ఆయన, నిజంగానే అర్థంకాక.

ఎవరూ లేకపోవడమే దాని గొప్ప అని చెప్పలేకపోయాను. "ఏదో అన్నాన్లెండి" అని తప్పుకున్నాను. నా మాట బొత్తిగా కాదన్నట్టు ఉండకూడదని ఆయన 'సి' అనే అక్షరం పెట్టి, కింద గళ్ళన్నీ ఖాళీగా వదిలేశారు. అవి అలాగే ఉన్నాయి.

'ఎ' ఊళ్ళో మేం మూడేళ్ళున్నాం, ఇక్కడికి రాకముందు. అత్తయ్య చెడ్డమనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఏనాడూ గొంతెత్తి ఒక మాట అనలేదు. నేను మడతపెట్టిన బట్టలు మాత్రం విప్పి మళ్ళీ మడతపెట్టేవారు. నేను ఎదురుగా ఉండగానే, ఏమీ అనకుండా. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి, తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేరు. అలా వంటింటి డబ్బాలు మళ్ళీ సర్దేవారు, నేను జడేసిన పాపకి మళ్ళీ జడేసేవారు. ఒకరోజు ఎవరో చుట్టాలు వచ్చారు. వాళ్ళతో కబుర్లు చెబుతూ చెబుతూనే పక్కనున్న నా మడతలు ఒళ్ళోకి లాక్కుని విప్పడం మొదలుపెట్టారు. నా లోదుస్తులతో సహా. ఆ వచ్చిన మగవాళ్ళ ముందు ఒక్కొక్కటీ దులిపి, మడిచి, పక్కన పెట్టారు. నాకు తల తీసేసినట్టయింది. ఎవరితో చెప్పుకోను? అత్తగారు నా బట్టలు మడతపెట్టారు అంటే విన్నవాళ్ళు నీ అంత అదృష్టవంతురాలు లేదంటారు.

అందుకే ఆ పని చేశాను. కిందటి నెలలో ఒక సాయంత్రం 'ఎ' ఊళ్ళో మంచిదని పేరున్న స్కూలుకి ఫోన్ చేశాను. చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టి, బీన్స్ తరుగుతూ మాట్లాడాను. "ఎనిమిదో తరగతిలో నాలుగు సీట్లున్నాయండీ. పాప వివరాలు పంపిస్తే ఒకటి పక్కన పెట్టిస్తాను" అంది అక్కడి ఆఫీసావిడ. ఎంత మర్యాదగా చెప్పిందో. నేనూ అంతే మర్యాదగా థాంక్స్ చెప్పి, చేతులు తుడుచుకుని, పట్టికలో "సీట్లు లేవు" అని రాశాను. పదికి సున్నా. 'ఎ' మార్కులు 'బి' కంటే కిందికి దిగిపోయాయి. బల్లకి అవతల లెక్కలు చేసుకుంటున్న మా పాప తలెత్తి నావైపు చూసింది. పదమూడేళ్ళ పిల్ల. మళ్ళీ పుస్తకంలోకి తల దించుకుంది.

ఇక ఆ ఆదివారం, నేను స్టవ్‌తో మాట్లాడిన ఆదివారం, నవ్వులయ్యాక వదిన గొంతు సవరించుకుంది.

"తమ్ముడూ, మొన్న అటు పనుండి వెళ్ళి నేనే ఆ స్కూల్లో అడిగాన్రా. సీట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. విదేశం నుంచి ఎవరో ఆవిడ ఫోన్ చేస్తే నాలుగున్నాయని చెప్పామే అన్నారు వాళ్ళు."

ఆయన నావైపు తిరిగారు. నేను గిన్నె తుడుస్తున్నాను, అప్పటికే తుడిచిన గిన్నెని.

"సరిగ్గా విని ఉండదక్కా" అన్నారు ఆయన, నన్ను కాపాడుతున్నాననే అనుకుంటూ. "తనకి ఫోన్లో మాట్లాడ్డమంటే మొదట్నుంచీ కంగారు."

"పోన్లేరా, అందరికీ అన్నీ వస్తాయా" అన్నారు అత్తయ్య. "కంగారులో ఒకటి చెబితే ఒకటి వినుంటావు. అంతేనా అమ్మా?"

"అవునత్తయ్యా" అన్నాను. "నేనే సరిగ్గా వినలేదు."

అని నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. పదకొండు స్కూళ్ళతో మాట్లాడినదాన్ని, ఒకప్పుడు సూక్ష్మదర్శిని కింద రక్తకణాలు లెక్కపెట్టి సంతకం చేసినదాన్ని, నాలుగు అంటే నాలుగు అని వినడం చేతకాదని ఒప్పుకున్నాను. నాకు అక్కడ ఉండటం ఇష్టం లేక అలా రాశానని చెప్పడం కంటే, నాకు తెలివి లేదని చెప్పుకోవడమే తేలికయింది. తెలివిలేని కోడల్ని వాళ్ళు పదిహేనేళ్ళుగా ఎరుగుదురు, ముద్దు చేస్తారు కూడా. ఫలానాది కావాలనే కోడలు వాళ్ళకి కొత్త. నాకూ కొత్తే.

కాల్ అయిపోయాక పాప వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"అమ్మా, ఆవిడ నాలుగున్నాయనే చెప్పింది. నాక్కూడా వినపడింది."

నేను స్టవ్ గట్టు తుడవడం మొదలుపెట్టాను.

"లేవని రాశావని నాకు అప్పుడే తెలుసు. దాని గురించి కాదు. వినలేదని ఎందుకు ఒప్పుకున్నావు? నీకు బాగానే వినపడుతుంది కదా."

కోపంగా అడిగి ఉంటే నేనూ కసిరేదాన్ని. తెలియకే అడిగింది. "వెళ్ళి చదువుకో" అన్నాను దాని ముఖంలోకి చూడకుండా. వెళ్ళిపోయింది.

మర్నాడు పనిలో నా నోరు మూతపడిపోయింది. పట్టీలకి వేలు చూపిస్తూనే ఉన్నాను, పైకి మాత్రం అనబుద్ధి కాలేదు. నోరు తెరవబోతే "ఎవరితో మాట్లాడుతోందిరా" అన్న మాట వినపడేది, వెనకే ఆ నవ్వులూ. ఎవరూ లేని గదిలో కూడా ఎవరో సోఫాలో కూర్చుని చూస్తున్నట్టే ఉంది. వేలు చూపించాను, లోపల పెట్టాను. ఇంకోదానికి చూపించాను, పెట్టాను. పని త్వరగానే అయిపోయింది. ఇన్నాళ్ళూ అనవసరంగా గొంతు అరగదీసుకున్నాననిపించింది.

బుధవారం దుప్పట్ల బండి తోసుకుంటూ నడవాలో పోతుంటే పన్నెండో గది తలుపు తీసి ఉంది. ఆ పెద్దావిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. మంచి పొడగరి, భారీ మనిషి. చూసి ఆగిపోయాను. ఆవిడ ఒంటి మీద స్వెటర్ ఆవిడది కాదు. చేతులు మోచెయ్యి దిగి నాలుగు వేళ్ళ కిందనే ఆగిపోయాయి. బొత్తాలు మూడే పట్టాయి, అవీ ఊడి వచ్చేలా ఉన్నాయి. అది పదమూడో గదిలో ఉండే పిట్టంత మనిషిది. సోమవారం నేనే పక్క గూట్లో పెట్టేశాను.

"ఎప్పట్నుంచి వేసుకున్నారమ్మా ఇది?" అన్నాను.

"మొన్నటి నుంచి" అన్నారు.

"మీది కాదని తెలియలేదా?"

"తెలుసమ్మా. నాది నీలం రంగుది కదా." బొత్తాల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, దొరికిపోయిన మనిషిలా. "మీరంతా పనుల్లో ఉంటారు. అడిగితే ఇబ్బంది పెట్టినట్టు ఉంటుందని ఊరుకున్నాను. ఎలాగూ రేపు ఉతుక్కి వెళ్ళిపోతుంది కదా. బాగానే ఉంది, కొంచెం బిగుతు, అంతే. నాదే పొరపాటు, ఏమీ అనుకోకు."

తప్పు చేసింది నేను, క్షమించమంటున్నది ఆవిడ. ముందు నాకు కోపం వచ్చింది, అదీ ఆవిడ మీద. నోరుందిగా, ఒక్క గంట కొట్టి నాది కాదని చెబితే ఏం పోయింది? రెండు రోజులు ఊపిరాడకుండా కూర్చోవాలా? మనసులో అలా తిడుతూనే బొత్తాలు విప్పాను. చేతులు బయటికి లాగుతుంటే మోచేతి కింద చుట్టూ ఎర్రగా వాత తేలి ఉంది. ఆ వాత మీద చెయ్యి వేశాక నా తిట్లన్నీ ఎవరికి తగలాలో తెలిసింది. అక్కడే, ఆవిడ ముందే ఏడ్చేశాను. ఆవిడ కంగారుపడి నా తల నిమిరారు.

పెన్సిలమ్మకి నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ తప్పుల పుస్తకం తీసింది.

"వేలు చూపించావా?"

"చూపించాను."

"నోటితో అన్నావా?"

"లేదు."

"ఎందుకని?"

"సిగ్గేసింది" అన్నాను. ఈ దేశపు భాషలో ఆ మాట నేను వాడటం అదే మొదటిసారి. పెన్సిలమ్మ తిట్టలేదు. రాసుకుని, పెన్సిల్ మళ్ళీ చెవి మీద పెట్టుకుని, "సిగ్గేస్తే సిగ్గుపడుతూనే అను. గట్టిగా అనక్కర్లేదు, నీకు వినపడితే చాలు" అని వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం కాల్ మొదలయ్యేసరికి పట్టికలో స్కూలు గడిలో సున్నా పోయి తొమ్మిది వచ్చింది. 'ఎ' నెగ్గింది. ఆయన దాన్ని తెర మీద పెట్టి, "ఇంక ఖాయం చేసేద్దామమ్మా. రేపు పాప వివరాలు స్కూలుకి పంపించేస్తాను" అన్నారు.

"అయితే పై వాటాకి రంగులు వేయించేస్తాను" అన్నారు అత్తయ్య. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. అంత ఆశపడుతున్న మనిషికి ఎలా చెప్పడం? చెప్పకుండా ఆ పై వాటాలో ఎన్నేళ్ళు ఉండటం?

"ఏమ్మా, నువ్వేమంటావు?" అన్నారు అత్తయ్య అలవాటు ప్రకారం. నా అలవాటు ప్రకారం "మీ ఇష్టం అత్తయ్యా" నాలుక చివరిదాకా వచ్చేసింది. బల్లకి అవతల పాప పుస్తకంలోంచి తలెత్తింది.

కుళాయి కట్టేసి, తడి చేతులతోనే బల్ల దగ్గరికి వచ్చాను. వంగి, తెర మీద స్కూలు అన్న గడికి వేలు చూపించాను.

"నాలుగు సీట్లున్నాయి" అన్నాను పైకి. "నాకు బాగానే వినపడింది. లేవని రాసింది నేను. అబద్ధం రాశాను."

"ఏమైందోయ్ నీకు?" అన్నారు మా ఆయన. ఆయన చెయ్యి మైకు ఆపడానికి ముందుకు వచ్చింది. పాప ల్యాప్‌టాప్‌ని ఒక జానెడు నావైపు జరిపింది.

వేలు పైకి జరిపి 'ఎ' దగ్గర ఆపాను. ఎప్పుడూ బల్ల కింద దాచుకునే ఆ వేలు, గోరు పక్కన పగుళ్ళతో సహా, వాళ్ళందరికీ కనిపిస్తోందని తెలుసు.

"ఇక్కడ ఉండటం నాకు ఇష్టం లేదు."

చెవులు, మెడ, ముఖం మండిపోతున్నాయి. భూమి విడిపోతే అందులోకి దిగిపోయేదాన్ని. నా మాట నా చెవిన పడింది. తప్పు ఉందేమోనని ఒక్క క్షణం ఆగి విన్నాను. దొరకలేదు. అప్పుడు ఖాళీ గళ్ళున్న 'సి' మీదికి వేలు జరిపాను.

"ఈ ఊరికి నేనొక్కదాన్నే వెళ్ళి చూసొస్తాను. నేను వచ్చేదాకా ఏదీ ఖాయం చెయ్యొద్దు."

ఎవరూ నవ్వలేదు. నేను వంగి ఉండటంతో వాళ్ళకి నా నడినెత్తి, వేలు తప్ప ముఖం కనిపిస్తున్నట్టు లేదు.

"ఎవరితో మాట్లాడుతోందిరా?" అన్నారు అత్తయ్య. ఈసారి ఆ గొంతులో బెదురు ఉంది.

పెద్దవాళ్ళకి వేలు చూపించకూడదు కాబట్టి వేలు దించేశాను. తలెత్తి, ఆవిడ కళ్ళున్న చోటికి చూశాను.

"మీతోనే అత్తయ్యా" అన్నాను.